సరస్సు అడుగు మట్టిలోని పుప్పొడి నుంచి మంచుయుగం తరువాతి వాతావరణాన్ని తెలుసుకోవడం ఎలా

బెంగళూరులో పుప్పొడి పని నేర్చుకోవడానికి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు మొదటి వారంలోనే నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "అక్కా, ఊరి నిండా ఇన్ని చెరువులున్నాయి కదా, బెళ్ళందూరులోనో హలసూరులోనో ఒక గొట్టం దించితే సరిపోదా, కొండలెక్కి వెళ్ళడం ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే ఇది. దీనికి జవాబు తెలిస్తే ఈ పనిలో సగం తెలిసినట్టే కనుక ఈ వివరణను అక్కడి నుంచే మొదలుపెడతాను.

బెంగళూరు చెరువులు మనుషులు కట్టినవి. వాగుకు అడ్డంగా కట్ట వేసి, తూము పెట్టి, అలుగు వదిలి, ఒకదాని నీరు ఇంకొకదానిలోకి పారేలా గొలుసుగా ఏర్పరచినవి. కెంపేగౌడ బెంగళూరు కోటను కట్టించినది 1537లో అని చెబుతారు. చుట్టుపక్కల చెరువుల్లో కొన్ని అంతకన్నా పాతవే అయినా, వాటి వయస్సు శతాబ్దాలలోనే ఉంటుంది, వేల సంవత్సరాలలో ఉండదు. పైగా ఎండాకాలంలో చెరువు ఎండగానే రైతులు పూడిక తీసి పొలాలకు తోలుకోవడం మన ప్రాంతమంతటా ఉన్న ఆచారం. పొలానికి ఎంతో మేలు చేసిన ఆ పని వల్ల మట్టి పొరల వరుస చెదిరిపోయింది. ప్రస్తుత భూవైజ్ఞానిక యుగమైన హోలోసీన్ సుమారు 11,700 సంవత్సరాల క్రితం మొదలైంది, మంచుయుగం తీవ్రస్థాయిలో ఉన్నది సుమారు 21,000 సంవత్సరాల క్రితం. అంత వెనక్కి వెళ్ళాలంటే, ఎవరూ తవ్వని, ఎన్నడూ పూర్తిగా ఎండిపోని, పొర మీద పొర నెమ్మదిగా పేరుకున్న సహజమైన గుంట కావాలి.

పద్ధతి వెనుక ఉన్న సూత్రం చిన్నది. పుప్పొడి రేణువు పైపొరలో స్పోరోపొలెనిన్ అనే పదార్థం ఉంటుంది. గాలి తగలని తడి మట్టిలో అది వేల ఏళ్ళు చెడదు, గాఢమైన ఆమ్లాలకు కూడా లొంగదు. ప్రతి ఏటా చుట్టుపక్కల చెట్లు, గడ్డి, తుంగ రాల్చిన పుప్పొడి నీటి మీద పడి అడుగుకు చేరుతుంది, దాని మీద ఆ ఏటి మట్టి కప్పుతుంది. లోతు పెరిగే కొద్దీ కాలంలో వెనక్కి వెళతాము. ప్రతి లోతులోనూ ఏ మొక్క పుప్పొడి ఎంత శాతం ఉందో లెక్కించి పటంగా గీయవచ్చని స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో చూపించాడు. అప్పటి నుంచి పరికరాలు మారాయి, సూత్రం మారలేదు.

ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. పుప్పొడి మనకు చెప్పేది మొక్కల గురించి. వానల గురించి కాదు. మొక్కల నుంచి వానకు వెళ్ళే దారిలో సరస్సు వైశాల్యం, గాలి, తేనెటీగలు, మనుషులు, పశువులు, నిప్పు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అన్నీ ఉంటాయి. కనుక ఈ పనిలో ప్రతి మెట్టు దగ్గరా "ఈ అంకె మారడానికి వాన కాక ఇంకేమి కారణం కావచ్చు?" అని అడుగుతూ పోవాలి. ఈ వివరణ పొడవునా నేను అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

స్థలం ఎంచుకోవడం

దక్షిణాదిలో పాత పొరలున్న సహజ గుంటలు ఎక్కువ లేవు, ఉన్నవి విలువైనవి. నీలగిరులలో ఊటీ దగ్గర సాండినల్లా లోయలో సుమారు 2,200 మీటర్ల ఎత్తున పీట్ అనే నల్లటి చిత్తడి నేల ఉంది. సరిగ్గా సరస్సు కాకపోయినా పుప్పొడిని చక్కగా దాచే నేల అది. అక్కడి పీట్ మీద బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. సుకుమార్, ఆయన సహచరులు 1993లో కార్బన్ ఐసోటోపుల అధ్యయనం ప్రచురించారు. పొడి వాతావరణాన్ని తట్టుకునే సీ4 గడ్డి, తడి కోరే సీ3 మొక్కలు మంచుయుగం నుంచి ఒకదాని చోటులోకి ఒకటి ఎలా వచ్చాయో ఆ అధ్యయనం చూపింది. అదే ప్రాంతంలో పుప్పొడి పరిశోధన కూడా జరిగింది. చెన్నైలో ఉన్నవారికి దగ్గరగా పులికాట్ ఉంది, కృష్ణా గోదావరుల మధ్య కొల్లేరు ఉంది. అయితే తీరప్రాంతపు మట్టిలో మడ చెట్ల పుప్పొడి పెరిగితే అది ముందుగా సముద్ర మట్టాన్ని, ఉప్పునీటి రాకపోకలను చెబుతుంది, వానను కాదు. మంచుయుగపు తీవ్రస్థాయిలో సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగి ఉండేది కాబట్టి, నేటి తీరం అప్పట్లో సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న పొడినేల అని మరవకూడదు.

సరస్సు వైశాల్యం కూడా ముఖ్యమే. చిన్న గుంటలో పడేది ఎక్కువగా గట్టు మీది చెట్ల పుప్పొడి. వందల హెక్టార్ల సరస్సులో పడేది గాలి మోసుకొచ్చిన ప్రాంతీయ పుప్పొడి. ప్రాంతీయ వాతావరణమే మీ ప్రశ్న అయితే మధ్యస్థంగానో పెద్దగానో ఉన్న సరస్సును ఎంచుకోండి. పెద్ద వాగు వచ్చి కలిసే సరస్సును వదిలేయండి. వాగు తన గట్ల నుంచి పాత మట్టిని కోసుకొచ్చి, అందులోని పాత పుప్పొడిని కొత్త పొరలో కలుపుతుంది. కొండ ప్రాంతాలలో చాలా స్థలాలు అటవీ శాఖ పరిధిలో ఉంటాయి. అనుమతికి నెలలు పడుతుంది, కనుక ఉత్తరం మొదటి రోజునే పెట్టండి.

బెంగళూరు చెరువులు పనికిరావని దీని అర్థం కాదు. వాటి అడుగున పైపై ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టిలో ఇవాళ్టి పుప్పొడి ఉంటుంది. ఇవాళ చుట్టూ ఏ మొక్కలున్నాయో, ఎంత వాన పడుతుందో మనకు తెలుసు. ఈ రెండింటినీ జత చేసి చూడడమే పాత పొరలను చదవడానికి ఆధారం. ఆ సంగతికి తరువాత వస్తాను.

గొట్టం దించడం

నీటి మీద రెండు పడవలు కలిపి కట్టి, మధ్యన పలకలు వేసి, వాటి మీద నుంచి మట్టిని స్తంభంగా తీసే లివింగ్‌స్టన్ పిస్టన్ కోరర్ అనే గొట్టాన్ని సరస్సులో అత్యంత లోతైన చోట దించడం మామూలు పద్ధతి. ఒక్కో విడతకు ఒక మీటరు మట్టి స్తంభం వస్తుంది. పీట్ నేలకు అర గొట్టం ఆకారంలో ఉండే రష్యన్ కోరర్ నయం. దానిలో మట్టి నలగదు. పైన ఉండే పలుచని బురదకు గురుత్వ కోరర్ వేరుగా కావాలి, ఎందుకంటే పిస్టన్ కోరర్ ఆ పై పొరను చెదరగొడుతుంది. పక్కపక్కన రెండు రంధ్రాలు దించి, రెండవదానిలో అర మీటరు ఎడం పెట్టుకుంటే, ఒకదానిలో విడతల మధ్య పోయిన మట్టి మరొకదానిలో దొరుకుతుంది.

తీసిన మట్టిని ప్లాస్టిక్ పొరలో చుట్టి, నిలువునా చీల్చిన పీవీసీ గొట్టంలో పెట్టి, పై కొనను, కింది కొనను వెంటనే గుర్తించాలి. నా మొదటి క్షేత్ర పర్యటనలో సాయంత్రం చినుకులు మొదలయ్యాక తొందరలో ఒక విడతకు పై కొన గుర్తును గొట్టం మీద కాక పైన చుట్టిన కాగితం మీద రాశాను. బెంగళూరు చేరేసరికి కాగితం తడిసి ఊడిపోయింది. ఆ ఒక మీటరు ఏ కొన పైదో తేల్చడానికి పక్క రంధ్రంలోని మట్టి రంగులతో పోల్చుతూ మూడు వారాలు గడిపాను, చివరికి ఆ భాగాన్ని వాడకుండా వదిలేశాను. అప్పటి నుంచి చెరగని సిరాతో గొట్టం మీదా, మూత మీదా, నోటుపుస్తకంలోనూ మూడు చోట్ల రాస్తాను, బాణం గుర్తు ఎప్పుడూ పైకే చూపిస్తాను. కోర్‌ను, అంటే ఈ మట్టి స్తంభాన్ని, 4 డిగ్రీల చల్లని గదిలో ఉంచాలి. గడ్డకట్టించకూడదు, ఎండనివ్వకూడదు.

వయస్సు కట్టడం

లోతుకు వయస్సు కట్టనిదే ఏ పటానికీ అర్థం లేదు. కార్బన్-14 అర్ధాయువు 5,730 సంవత్సరాలు కనుక సుమారు 50,000 ఏళ్ళ వరకు దీనితో వయస్సు చెప్పవచ్చు. మొత్తం మట్టిని కాక, దానిలో దొరికే నేల మొక్కల ఆకు ముక్క, గింజ, బొగ్గు తునకలను పంపండి. సున్నపురాయి నేలల మీది సరస్సుల్లో నీటిలో కరిగిన పాత కార్బన్‌ను నీటి మొక్కలు తీసుకుంటాయి కాబట్టి వాటి వయస్సు వందల ఏళ్ళు ఎక్కువగా కనిపిస్తుంది. పైనున్న నూట యాభై ఏళ్ళకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసం వాడాలి, 1963 ప్రాంతపు అణుపరీక్షల గుర్తుగా సీజియం-137 శిఖరం దొరికితే మరీ మంచిది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో కార్బన్-14 కొలిచే సౌకర్యం ఉంది. వచ్చిన వయస్సులను, కార్బన్-14 వయస్సును క్యాలెండర్ సంవత్సరాలకు మార్చే ఇంట్‌కాల్20 వక్రరేఖతో సరిచేసి, బేకన్ వంటి సాఫ్ట్‌వేర్‌తో మొత్తం కోర్‌కు వయస్సు నమూనా కట్టాలి. "ఇన్ని సంవత్సరాల క్రితం" అన్నప్పుడు ఈ రంగంలో లెక్క మొదలయ్యేది 1950 నుంచి అని గుర్తుంచుకోండి.

డబ్బు తక్కువై మూడు వయస్సులతో సరిపెట్టే వారున్నారు. వద్దు. పది మీద ఖర్చు పెట్టలేకపోతే పుప్పొడి నమూనాలైనా తగ్గించుకోండి కానీ వయస్సులను తగ్గించకండి. రాజస్థాన్ ఉప్పు సరస్సులు సాంభర్, లూణకరణసర్, డీడ్వానాల పుప్పొడి మీద గుర్దీప్ సింగ్, సహచరులు 1974లో ప్రచురించిన పని మన దేశంలో ఈ రంగానికి పునాది వంటిది. హరప్పా నాగరికత తడి కాలంలో వర్ధిల్లి, పొడి కాలంలో క్షీణించిందనే వాదనకు అది బలం ఇచ్చింది. 1999లో ఎంజెల్, సహచరులు లూణకరణసర్‌ను మరింత దట్టమైన వయస్సులతో మళ్ళీ చదివినప్పుడు, హరప్పా నగరాలు వెలిగిన కాలానికి ముందే ఆ సరస్సు ఎండిపోయిందని తేలింది. సరస్సు ఎండిపోయిన సంగతి రెండు అధ్యయనాలలోనూ ఉంది, తారీఖు మారడంతో కథ మారిపోయింది.

ప్రయోగశాలలో

4 మీటర్ల కోర్ 12,000 సంవత్సరాలను కప్పితే, ఒక సెంటీమీటరు సగటున 30 సంవత్సరాలు. 8 సెంటీమీటర్లకు ఒక నమూనా తీస్తే 50 నమూనాలు, ఒక్కో అంగ 240 సంవత్సరాలు. మొదట అంతే చాలు. పటం గీశాక మార్పు వేగంగా ఉన్న చోట మధ్యలో మరిన్ని తీయండి. కోర్ పైతొడుగును గీకి పారేసి లోపలి నుంచి ఒక ఘన సెంటీమీటరు మట్టి తీయాలి. గొట్టం దిగేటప్పుడు పై మట్టి గోడకు అంటుకుంటుంది కాబట్టి పైతొడుగులో ఇవాళ్టి పుప్పొడి ఉండే అవకాశం ఉంది.

మట్టికి ముందుగా, ఫెర్న్‌లను పోలిన లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాలు లెక్క తెలిసి ఉన్న బిళ్ళ ఒకటి కలుపుతాము. స్టాక్‌మార్ 1971లో సూచించిన ఉపాయం ఇది, ఎంతో తేలికైనది. ఉదాహరణకు 20,000 సిద్ధబీజాలు కలిపి, మైక్రోస్కోప్ కింద 150 సిద్ధబీజాలు, 300 పుప్పొడి రేణువులు లెక్కించామనుకుందాం. అప్పుడు ఘన సెంటీమీటరుకు పుప్పొడి 300ను 150తో భాగించి 20,000తో హెచ్చిస్తే వచ్చే 40,000. ఆ చోట మట్టి ఏడాదికి 0.05 సెంటీమీటర్ల చొప్పున పేరుకుని ఉంటే చదరపు సెంటీమీటరుకు ఏటా 2,000 రేణువులు పడ్డాయన్నమాట. అయితే లైకోపోడియం జాతి మొక్కలు పశ్చిమ కనుమలలో సహజంగానే పెరుగుతాయి, కాబట్టి నీలగిరి మట్టిలో పని చేసేవారు బిళ్ళ కలపని నమూనా ఒకటి పక్కన చూసి తీరాలి.

తరువాతి వరుస ఇది. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బిళ్ళలోని సున్నం, మట్టిలోని సున్నం కరుగుతాయి. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడినీటి తొట్టెలో కొద్ది నిమిషాలు ఉంచితే కుళ్ళిన ఆకుల గోధుమరంగు పదార్థం దిగిపోతుంది, పీట్‌కు ఈ మెట్టు బాగా అవసరం. 150 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి పెద్ద పీచును తీసివేయాలి, ఆ పీచును పారేయకండి, వయస్సుకు పనికొచ్చే గింజలు అందులోనే దొరుకుతాయి. ఇసుకను, బంకమన్నును తీయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు.

ఈ ఆమ్లం గురించి ఆగి చెప్పాలి. చర్మం మీద పడినప్పుడు మొదట నొప్పి అంతగా తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి ఎముకలోని కాల్షియం దాకా పోతుంది, ప్రాణం తీయగలదు. గాజును కూడా తినేస్తుంది కనుక ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. ఫ్యూమ్ హుడ్, ముఖానికి కవచం, తగిన చేతి తొడుగులు, చేతికి అందేంత దగ్గరలో కాల్షియం గ్లూకోనేట్ జెల్, పక్కన మరొక మనిషి లేకుండా సీసా మూత తీయకూడదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా సోడియం పాలీటంగ్‌స్టేట్ బరువు ద్రవం వాడండి. దాని సాంద్రతను నీటికి సుమారు రెండింతలు ఉండేలా కలుపుకుంటే ఇసుక అడుగుకు పోతుంది, పుప్పొడి పైకి తేలుతుంది. ద్రవం ఖరీదు ఎక్కువే కానీ వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను మొదటి ఏడాది ఇదే నేర్పుతాను.

చివరి మెట్టు ఎర్ట్‌మన్ పద్ధతి అయిన అసిటోలిసిస్. తొమ్మిది పాళ్ళు అసిటిక్ అన్‌హైడ్రైడ్‌కు ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఈ మిశ్రమం నీటితో భగ్గుమంటుంది, కనుక ముందు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంతో కడిగి నమూనాలో నీటి చుక్క లేకుండా చేయాలి. వేడి తొట్టెలో కొద్ది నిమిషాలు ఉంచితే రేణువు లోపలి జీవపదార్థం కరిగి, పైపొర మాత్రమే తేనెరంగులో మిగులుతుంది. అప్పుడే దాని రంధ్రాలు, గాళ్ళు, ముళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. సిలికాన్ ఆయిల్‌లో స్లైడు వేస్తే కవర్‌స్లిప్‌ను కొద్దిగా కదిపి రేణువును దొర్లించి అన్ని వైపుల నుంచి చూడవచ్చు.

రేణువును గుర్తు పట్టడం

కంటికి సాధన కావాలంటే పాత మట్టితో మొదలుపెట్టకూడదు, పూలతో మొదలుపెట్టాలి. హెబ్బాళ చెరువు గట్టున తుంగ, జమ్ము, లాల్‌బాగ్ బయట రోడ్డు పక్కన రాలిన పూలు, ఊరికి వెళ్ళినప్పుడు పొలం గట్టు మీది తుమ్మ, మద్ది, నేరేడు, వీటి కేసరాలను కాగితపు కవరులో వేసి, పేరూ తేదీ రాసి, అసిటోలిసిస్ చేసి స్లైడు వేసుకోండి. బెంగళూరు ఖాళీ స్థలాలన్నిటా పెరిగే వయ్యారిభామ, ఇక్కడివారు కాంగ్రెస్ గడ్డి అంటారు, పుప్పొడి చాలా ఇస్తుంది కానీ ఉబ్బసం, చర్మపు దురద తెప్పిస్తుంది. మాస్కు లేకుండా ముట్టుకోకండి. మీ సొంత స్లైడ్లు చాలనప్పుడు పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ స్లైడ్ల భాండాగారం ఉంది. ఉష్ణమండల పుప్పొడి మీద జీవితాంతం పనిచేసి, 1986లో కరాచీ విమాన హైజాక్‌లో ప్రాణాలు కోల్పోయిన తణికైమోని పేరు ఆ సేకరణకు పెట్టారు. చెన్నై నుంచి కొద్ది గంటల దూరమే. లక్నోలో 1946లో స్థాపితమైన బీర్బల్ సాహ్ని సంస్థ ఈ విద్యకు దేశంలో పెద్ద కేంద్రం.

400 రెట్ల పెంపుతో చూస్తే గడ్డి రేణువు గుండ్రని గాజుగోళీలా ఉంటుంది. ఫోకస్ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ఒకే ఒక రంధ్రం, దాని చుట్టూ కాస్త మందంగా ఉంగరం కనిపిస్తుంది. ఉంగరం కనపడితే గడ్డే. ఏ గడ్డి అంటే మాత్రం చెప్పలేము. వరి, రాగి, అడవి గడ్డి అన్నీ ఒకే పోలిక. పంట గడ్డి రేణువులు పెద్దవిగా ఉంటాయి, మొక్కజొన్నది మరీ పెద్దది, కానీ మన అడవి గడ్డిలో కూడా పెద్దవి ఉన్నాయి కనుక పరిమాణం ఒక్కటే చూసి "ఇక్కడ సేద్యం మొదలైంది" అని రాయకూడదు. తుమ్మ పుప్పొడి పదహారు రేణువులు కలిసి ఒక చిన్న బంతిగా వస్తుంది, ఒకసారి చూస్తే మరవలేరు. నేరేడు, యూకలిప్టస్ రెండూ మూడు మూలల త్రిభుజాలే, వేరు చేయడం కష్టం. నీలగిరిలో ఇది పెద్ద చిక్కు. పశ్చిమ కనుమలలో సహజంగా పెరిగే ఒకే ఒక శంకుధారి నగేయా. పైన్‌కు ఉన్నట్టే దాని రేణువుకు కూడా రెండు గాలితిత్తులు ఉంటాయి. పైన్ అయితే ఈ కొండలకు బయటి నుంచి తెచ్చి నాటినది, కనుక రెండు తిత్తుల రేణువు కనబడగానే పైన్ అని రాసేయకండి.

బయటి నుంచి వచ్చిన ఇలాంటి మొక్కలు మనకు మేలు కూడా చేస్తాయి. రైలింజన్ల కట్టెల కోసం మద్రాసు తీరాన సరుగుడు తోటలు 19వ శతాబ్దంలో పెంచారు. సర్కారు తుమ్మ 1870ల చివర్లో కడప ప్రాంతంలో నాటారు. మొక్కజొన్న అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. 8,000 ఏళ్ళ నాటిదనుకున్న పొరలో సరుగుడు రేణువు కనిపించిందంటే పై మట్టి కలిసింది, లేదా నమూనా మురికైంది. ఆ నమూనాను మళ్ళీ తీయండి.

లెక్క

ఒక్కో నమూనాకు కనీసం 300 నేల మొక్కల రేణువులు లెక్కించాలి. తుంగ, జమ్ము, తామర, ఫెర్న్ సిద్ధబీజాలు ఆ మొత్తంలోకి రావు. అవి సరస్సు గట్టు సంగతే చెబుతాయి కాబట్టి వేరుగా లెక్క పెట్టాలి. కవర్‌స్లిప్ కింద చిన్న రేణువులు అంచులకు జరుగుతాయి కనుక ఒక మూలలో 300 కాగానే ఆపకుండా స్లైడు వెడల్పంతా సమాన దూరాలలో గీతలుగా చూడాలి. నాకు ఒక నమూనాకు ఒక రోజు పడుతుంది, పుప్పొడి తక్కువైన మట్టికి రెండు రోజులు. 300లో 30 రేణువులు ఒక మొక్కవి అయితే పది శాతం అంటాము, కానీ నిజమైన విలువ సుమారు 7 నుంచి 14 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఒక పొరలో పది శాతం, పక్క పొరలో పన్నెండు శాతం ఉంటే అది మార్పు కాదు.

శాతాలలో ఇంకొక చిక్కు ఉంది. మొత్తం ఎప్పుడూ వందే కనుక గడ్డి పెరిగితే చెట్లు తగ్గినట్టే కనిపిస్తాయి, ఒక్క చెట్టు పోకపోయినా. అందుకే లైకోపోడియంతో కట్టిన ఏటి రాలుడు, అంటే చదరపు సెంటీమీటరుకు ఏటా పడ్డ రేణువుల లెక్క, పక్కనే గీయాలి. టీలియా అనే సాఫ్ట్‌వేర్ గానీ, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని రియోజా గానీ పటానికి సరిపోతాయి. పటంలో ఒకే పోలిక ఉన్న పొరల మండలాలను కంటితో గీయకుండా, కొనిస్ అనే గణాంక పద్ధతితో విడదీయండి.

మొక్క నుంచి వానకు

మన ప్రాంతంలో మొదటి చిక్కు తేనెటీగలది. యూరప్‌లో ఓక్, పైన్ గాలికి పుప్పొడి వదులుతాయి. మన అడవుల్లో టేకు, ఇంకా చాలా చెట్లు కీటకాల మీద ఆధారపడతాయి, పుప్పొడి తక్కువ ఇస్తాయి, అది దూరం పోదు. గడ్డి, నెమలినార వంటివి గాలికి విపరీతంగా వదులుతాయి. కనుక మట్టిలో టేకు ఒక శాతం ఉంటే అడవిలో అది చాలా ఎక్కువ ఉండి ఉంటుంది. గడ్డి అరవై శాతం ఉన్నంత మాత్రాన నేల అరవై శాతం గడ్డి అనలేము. ఈ లెక్క తెలియడానికే ఇవాళ్టి చెరువుల పై మట్టి కావాలి. పొడి చిత్తూరు నుంచి తడి కొడగు వరకు వాన కొలతలున్న పలు చోట్ల పై మట్టి తీసి, ఏ వానకు ఏ పుప్పొడి మిశ్రమమో పట్టిక చేస్తే, పాత పొరల మిశ్రమాన్ని దానితో పోల్చవచ్చు. పోలిన ఇవాళ్టి చోటు దొరికితే ఆధునిక పోలిక పద్ధతి, అంకెల సంబంధం కావాలంటే డబ్ల్యూఏ-పీఎల్ఎస్ అనే గణాంక పద్ధతి వాడతారు. పోలిక దొరకని పొరకు మిల్లీమీటర్లలో వాన రాయకండి. "ఇప్పటికన్నా పొడి" అని రాస్తే చాలు.

రెండవది గాలిలోని కార్బన్ డయాక్సైడ్. మంచుయుగపు తీవ్రస్థాయిలో అది పది లక్షల్లో సుమారు 190 భాగాలు, పారిశ్రామిక యుగానికి ముందు 280. తక్కువ కార్బన్ డయాక్సైడ్ సీ4 గడ్డికి అనుకూలం, చెట్లకు ప్రతికూలం. అంటే మంచుయుగపు పొరల్లోని గడ్డిలో కొంత భాగం కరువు వల్ల కాదు, గాలి వల్ల. ఆ పెరుగుదల అంతటినీ వాన లోటుగా లెక్కకడితే మంచుయుగాన్ని అవసరానికి మించి ఎండగట్టినట్టవుతుంది.

మూడవది మనుషులు. బళ్ళారి, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నవీనశిలాయుగపు బూడిద దిబ్బలు ఉన్నాయి. ఉట్నూరు దిబ్బను తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, అవి పశువుల పేడ కాలగా ఏర్పడినవని వివరించాడు. దక్షిణాదిలో పశుపాలకుల ఉనికి సుమారు 5,000 ఏళ్ళ నాటిది. ఆ తరువాతి పొరల్లో గడ్డి, బొగ్గు రేణువులు, తోటకూర కుటుంబం కలిసి పెరిగితే అది వాన తగ్గడం కావచ్చు, మందలు తిరగడమూ కావచ్చు. దీనిని విడదీయడానికి పుప్పొడి ఒక్కటి చాలదు. అదే కోర్‌లో పేడ మీద పెరిగే శిలీంధ్రాల సిద్ధబీజాలను కూడా లెక్కించండి, మట్టి రసాయనాన్ని, ఐసోటోపులను పక్కన పెట్టి చూడండి.

నాలుగవది మన వానల స్వభావం. సుమారు 11,000 ఏళ్ళ క్రితం భూమి సూర్యునికి అతి దగ్గరగా వచ్చేది ఉత్తరార్ధగోళపు వేసవిలో. అందువల్ల హోలోసీన్ తొలి భాగంలో నైరుతి రుతుపవనాలు బలంగా ఉండేవి, తరువాత క్రమంగా నెమ్మదించాయి. కానీ చెన్నైకి ముఖ్యం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య వానలు. బెంగళూరుకు రెండూ అందుతాయి. తడి కోరే చెట్టుకు తన వేరు తడిపినది ఏ రుతుపవనమో తెలియదు. చెన్నై వైపు కోర్‌ను, కనుమల కోర్‌ను ఒకే నైరుతి కథలో ఇరికించకండి.

వయస్సు నమూనాకు పై కింద 150 ఏళ్ళ అనిశ్చితి ఉన్నప్పుడు, 2018లో అధికారికంగా, హోలోసీన్‌లోని చివరి భాగమైన మేఘాలయన్ దశకు ఆరంభంగా నిర్ణయించిన 4,200 ఏళ్ళ నాటి పొడి ఘటనను మీ పటంలో వెతికి పట్టుకోవాలని మనసు లాగుతుంది. ముందు మీ పటం ఏమంటుందో రాసి, ఆ తరువాత ఇతరుల తారీఖులతో పోల్చండి. వరుస తిరగబడితే ప్రతి చిన్న తగ్గుదలా ఆ ఘటనలాగే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణతో ముగిస్తాను. ఊహించిన కోర్‌లో 140 సెంటీమీటర్ల దగ్గర, వయస్సు నమూనా ప్రకారం 4,100 ఏళ్ళ ప్రాంతంలో, గడ్డి 42 శాతం నుంచి 58కి పెరిగింది, చెట్ల ఏటి రాలుడు సగానికి పడింది, బొగ్గు పెరిగింది, పేడ శిలీంధ్రాలు మాత్రం పెరగలేదు, తుంగ తగ్గింది, మట్టిలో ఇసుక పెరిగింది. చెట్ల రాలుడు నిజంగా పడిపోయింది కనుక ఇది శాతాల భ్రమ కాదు. పేడ శిలీంధ్రాలు కదలలేదు కనుక మందల సాక్ష్యం లేదు. తుంగ తగ్గి, ఇసుక పెరిగింది కనుక సరస్సు గట్టు వెనక్కి జరిగి ఉంటుంది. అప్పుడు నివేదికలో రాసే వాక్యం ఇలా ఉండాలి: "సుమారు 4,250 నుంచి 3,950 సంవత్సరాల క్రితం మధ్య మొదలైన ఈ మార్పు, సరస్సు మట్టం తగ్గుదలతో కలిసి, ఇప్పటి సగటు కన్నా పొడిగా ఉన్న కాలాన్ని సూచిస్తుంది; నిప్పులో మనిషి పాత్రను ఈ ఆధారాలతో తోసిపుచ్చలేము." దాని కింద, ప్రతి లోతులో లెక్కించిన రేణువుల అసలు సంఖ్యల పట్టికను, శాతాలకు మార్చకుండా, జతచేయండి.